బ్యాటరీ మార్చు, బావా

ఆ సైటులో రెండు గొంతుల్ని ఎవరైనా ఇట్టే గుర్తుపడతారు. ఒకటి ఆకాశం నుంచి వచ్చేది. రెండోది నేల మీద నుంచి పైకి వెళ్లేది.

ఆకాశంలో ఉండేవాణ్ణి గద్ద అంటారు. టవర్ క్రేన్ ఆపరేటరు. పొద్దున్నే ఇనుప నిచ్చెన ఎక్కి గాజు గదిలో కూర్చుంటే మళ్లీ సాయంత్రమే దిగడం. నేల మీద ఉండేవాణ్ణి ఈల అంటారు. సిగ్నల్‌మన్. వాకీటాకీ సెట్లు లేని రోజుల్లో ఈల వేసి క్రేన్ నడిపించేవాడు. ఇప్పుడు మెడలో సెట్టు వేలాడుతోంది గానీ ఆ పేరు వదల్లేదు. గద్ద భార్య ఈలకి సొంత అక్క. కాబట్టి పని ఎంత గంభీరమైనదైనా సెట్టులో మాటలు మాత్రం బావా బామ్మర్దుల మాటలే.

"బావా, కొంచెం ఎడమకి. ఇంకొంచెం. మా అక్క కోపంగా ఉన్నప్పుడు నువ్వు జరుగుతావు చూడు, అంత."

"అంత జరిగితే పక్క బిల్డింగులో పడతాం రా."

"ఆపు. ఇప్పుడు దించు. నిదానం, నిదానం."

"నిదానం నాకు నువ్వు నేర్పాలా? మీ అక్కతో ఇన్నేళ్ల కాపురం. నాకంటే నిదానస్తుడు ఈ భూమ్మీద లేడు."

"నువ్వు భూమ్మీద ఎక్కడున్నావు బావా?"

ఈ సరసాలు మేస్త్రీల సెట్లలోనూ వినిపించేవి. ఇసుక మోసేవాళ్లు కూడా పని ఆపి నవ్వేవాళ్లు. కానీ ఆ నవ్వుల మధ్యలో టన్నుల బరువు గాలిలో తిరుగుతూ, మనుషుల నెత్తి పక్క నుంచి వెళ్లి, వేలెడు సందులో సరిగ్గా కూర్చునేది. పైనుంచి గద్దకి సగం చోట్లు కనపడవు. కనపడని చోట ఈల కళ్లే అతని కళ్లు. సెట్టు సరిగ్గా పలకనప్పుడు కూడా వాళ్ల పని ఆగేది కాదు. గద్ద సెట్టు మీట ఒకసారి నొక్కితే 'టక్' అని ఒక చప్పుడు. విన్నాను అని. రెండుసార్లు నొక్కితే ఆపు అని. రూల్సు ఒప్పుకోవు. మాట లేకుండా లోడు కదపకూడదు. కానీ పాతికేళ్లుగా కలిసి పనిచేసినవాళ్లకి రూల్సు ఎవరు చెప్తారు?

అసలు రూల్సంటే అందరికీ అలుసైపోయిన చోటు ఇంకొకటి ఉంది. ఆరోగ్య పరీక్ష.

ఎత్తుల్లో పనిచేసేవాళ్లందరికీ మూణ్ణెల్లకోసారి బీపీ చూస్తారు. ఎక్కువుంటే పైకెక్కే అనుమతి కార్డు లాగేసుకుంటారు. ఇక నేల మీదే పని. అందుకని పాతకాపులు ఒక ఉపాయం కనిపెట్టారు. రాడ్డు మేస్త్రీకి నిజంగానే బీపీ ఉంది, రోజూ మాత్ర వేసుకుంటాడు. పరీక్షకి రెండు మూడు రోజుల ముందు అందరూ బెల్లం చుట్టూ చీమల్లా ఆయన చుట్టూ చేరతారు. పిడుగుకీ బియ్యానికీ ఒకే మంత్రమన్నట్టు అందరికీ అదే మాత్ర. పరీక్ష అయిపోగానే మానేస్తారు. దానికి 'మీటరు మాత్ర' అని పేరు కూడా పెట్టుకున్నారు. జబ్బుకి కాదు, మీటరుకి మందు.

గద్ద ఏళ్ల తరబడి మీటరు మాత్రతోనే గట్టెక్కుతున్నాడు.

సైటు నర్సమ్మకి అనుమానం రాకపోలేదు. మెడ మీద నరం కొట్టుకోవడం చూసి అడిగేది.

"మీటరు బాగానే ఉంది గానీ మొహం బాగాలేదు. సిగరెట్లు మానేశావా?"

"పైన గాలే తాగుతున్నా నర్సమ్మా."

"ఉప్పు తగ్గించు. నీళ్లు బాగా తాగు. ఒకసారి షుగరు చూపించుకో. బీపీ, సిగరెట్టు, షుగరు, ఈ మూడూ కలిస్తే పక్షవాతానికి నువ్వే తలుపు తీసి పిలిచినట్టు."

"రోజూ ఆకాశానికి నిచ్చెనెక్కేవాణ్ణి. నన్ను వెతుక్కుంటూ పైకెక్కేసరికి దానికే ఆయాసం వస్తుంది."

అందరూ ఘొల్లుమన్నారు. నర్సమ్మ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. కానీ పైన సంగతి ఈలకి తెలుసు. గాజు గదిలో మరుగుదొడ్డి లేదు, అందుకని గద్ద నీళ్లు గుక్కెడుకి మించి తాగడు. ఆకలికి ఉప్పు వేరుశెనగలు. ఊసుపోకకి సిగరెట్టు. నిచ్చెన ఎక్కడం దిగడం తప్ప మిగతా రోజంతా కుర్చీకి అతుక్కునే ఉంటాడు.

"బావా, ఆ మాత్రేదో రోజూ వేసుకోరాదూ?" అని ఒకసారి అన్నాడు.

"రోజూ వేసుకుంటే రోగినని ఒప్పుకున్నట్టే. ఆ ముక్క కార్డు మీదకెక్కితే కిందకి దింపేస్తారు. కింద నేనెవర్ని రా? పొట్ట ముందుకొచ్చిన ముసలాణ్ణి. పైనుంటేనే గద్దని."

ఆ మాటలో అబద్ధం లేదు.

మొదటిసారి గొంతు తేడా చేసింది మెట్ల పలకలు ఎత్తే రోజున.

"బావా, హుక్కు బిగించారు. ఎత్తు."

జవాబు వచ్చింది. కానీ మాట కాదు. నోట్లో గుడ్డ కుక్కుకుని మాట్లాడినట్టు ముద్దముద్దగా ఏదో శబ్దం.

"ఏంటి బావా? మళ్లీ చెప్పు."

మళ్లీ అదే ముద్ద. కింద రాడ్డు మేస్త్రీ పగలబడి నవ్వాడు. "పొద్దున్నే చుక్క వేసుకుని ఎక్కాడా మీ బావ?"

"మా బావ తాగేది అక్క చేతి చీవాట్లే," అన్నాడు ఈల. సెట్టులో అరిచాడు. "బావా, నీ బ్యాటరీ చచ్చింది. మార్చు."

తన సెట్టులోదీ మార్చాడు. కాసేపు పోయాక పైనుంచి మాట తేటగా పలికింది.

"ఇప్పుడు వినపడుతోందా రా?"

"గుడి గంటలా ఉంది బావా. చెప్పానా, బ్యాటరీనే!"

సాయంత్రం దిగాక గద్ద కుడిచెయ్యి విదిలించుకుంటూ అన్నాడు. "ఇందాక చెయ్యి తిమ్మిరెక్కింది రా కాసేపు. వేళ్లు నావి కానట్టు. హ్యాండిల్ పట్టుకుని పట్టుకుని."

"నర్సమ్మకి చూపిద్దామా?"

"పోయిందిగా! పోయినదాన్ని పిలిచి చూపించడమెందుకు? మీ అక్క చెవిన వేశావో, నా నిచ్చెన లాగేసినట్టే."

ఆ సాయంత్రం అక్క ఇంట్లోనే ఈల భోజనం. గద్ద స్నానానికి వెళ్లగానే అక్క గొంతు తగ్గించి అడిగింది.

"ఒరేయ్, మీ బావకి ఏమైనా ఒంట్లో బాగోలేదా? ఇందాక గ్లాసు జారవిడిచాడు. ఎప్పుడూ లేనిది."

ఈల ఒక క్షణం నీళ్లు నమిలాడు. తరవాత నవ్వేశాడు.

"రోజంతా టన్నులు మోసే చెయ్యి అక్కా. గ్లాసు బరువు దానికి తెలియలేదు."

అక్క నవ్వింది. నమ్మింది. తమ్ముడి మాట కదా.

వారం తిరగలేదు.

ఆ రోజు పొద్దున్న రెండు లోడ్లు సాఫీగా వెళ్లాయి. మూడోదానికి ముందు గద్ద ఏదో జోకు మొదలుపెట్టాడు. మొదటి సగం బాగానే వచ్చింది. రెండో సగం ముద్దయిపోయింది.

ఈల చిరాకుపడ్డాడు. "మళ్లీ చచ్చిందా? బ్యాటరీ మార్చు, బావా."

పైనుంచి టక్. విన్నాను.

ఈల స్టోరుకి వెళ్లి తన సెట్టుకి కొత్త బ్యాటరీ వేయించుకున్నాడు. స్టోరువాణ్ణి నాలుగు తిట్టాడు కూడా, నాసిరకం సరుకు కొంటారని. తిరిగొచ్చేసరికి గాలి లేచింది. అడ్డంగా చాచిన క్రేన్ కొమ్ము మీద గాలిమీటరు గిర్రున తిరుగుతోంది. సైరన్ మోగింది. గాలి తగ్గేదాకా లోడ్లు ఎత్తకూడదు.

అలాంటప్పుడు గద్ద కిందకి దిగడు. దిగడమూ ఎక్కడమూ రెండూ దండగని పైనే కూర్చుంటాడు. ఈల రేకుల షెడ్డులో టీ తాగాడు. రాడ్డు మేస్త్రీతో పాత సైటు కబుర్లు చెప్పాడు. అన్నం తిన్నాడు. మధ్యమధ్యలో సెట్టులో ఏవో చప్పుళ్లు. టక్. కాసేపటికి మళ్లీ టక్. మాటలేవీ లేవు.

"మీ బావకి తోచడంలేదు పాపం," అన్నాడు మేస్త్రీ.

"బ్యాటరీలు పరీక్షిస్తున్నాడు," అన్నాడు ఈల.

మధ్యాహ్నం దాటాక గాలి పడిపోయింది. గోడపలక ఒకటి తయారుగా ఉంది. ఇంటి గోడంత కాంక్రీటు పలక.

"బావా, మాట వస్తోందా?"

టక్.

"రావట్లేదా? సరే, నొక్కుళ్లతోనే కానిద్దాం. ఎత్తు. నిదానం."

టక్. పలక లేచింది. ఎప్పుడూ పట్టులా జారిపోతూ లేచేది, ఆ రోజు ఒక కుదుపు కుదిపింది. ఈల భుజాలెగరేశాడు. గాలి ఇంకా పూర్తిగా పోలేదనుకున్నాడు. పలక రెండంతస్తులు, మూడంతస్తులు దాటింది. కింద తాపీవాళ్లు తమ పనిలో ఉన్నారు. ఇంకొంచెం పైకి వెళ్లి కుడికి తిరగాలి.

పలక ఆగిపోయింది.

"పైకి, బావా."

టక్ టక్.

"ఎందుకు ఆపు? ఏమైంది?"

టక్ టక్. టక్ టక్. టక్ టక్.

ఆ నొక్కుళ్లు ఆగడంలేదు. ఈల తలెత్తి గాజు గదివైపు చూశాడు. ఎండ తళతళలో మనిషి కనపడలేదు. పలక మాత్రం తాపీవాళ్ల నెత్తి మీద వేలాడుతోంది. పైకి పోదు, కిందకి రాదు.

"అందరూ పక్కకి తప్పుకోండి!" అని కేకేశాడు.

వాళ్లు పనిముట్లు వదిలి పరిగెత్తారు. ఒక ముసలి తాపీ మేస్త్రీ కాలు ఇసుకలో దిగబడి వెనకబడ్డాడు. అప్పుడు కదిలింది క్రేన్. కొమ్ము మెల్లగా, చాలా మెల్లగా ఎడమకి తిరిగింది. పలక ముసలాయన మీద నుంచి జరిగి, ఇసుక గుట్ట దాటి, ఎవరూ లేని ఖాళీ స్థలం మీదకి వెళ్లి నిలబడింది.

ఎత్తడం దించడం కుడిచేతి హ్యాండిల్. తిప్పడం ఎడమచేతిది.

కుడిచెయ్యి లేదు బావకి, అని ఈలకి తట్టింది. ఆ వెంటనే గ్లాసు గుర్తొచ్చింది, తిమ్మిరి గుర్తొచ్చింది, ముద్దమాట గుర్తొచ్చింది.

సెట్టు విసిరేసి నిచ్చెనకి పరిగెత్తాడు.

ఎప్పుడో కుర్రతనంలో ఎక్కిన నిచ్చెన అది. ఊపిరి అందలేదు. పైకి చేరి గాజు తలుపు లాగేసరికి గద్ద కుర్చీలో కుడిపక్కకి ఒరిగిపోయి ఉన్నాడు. నోరు ఒక మూలకి జారింది. కుడిచెయ్యి ఎవరో మర్చిపోయి వదిలేసిన వస్తువులా ఒళ్లో పడి ఉంది. కళ్లు మాత్రం ఈలని గుర్తుపట్టాయి.

నేల మీద బ్యాటరీలు పడున్నాయి. పైన నిల్వ ఉంచుకున్నవన్నీ. సెట్టు వెనక మూత ఊడి ఉంది. గద్ద ఎడమచేత్తో ఇంకో బ్యాటరీ పట్టుకుని, దాన్ని తలకిందులుగా సెట్టులోకి నెట్టాలని చూస్తున్నాడు. అది దిగదు. మళ్లీ తీశాడు. మళ్లీ నెట్టాడు. బామ్మర్దివైపు చూసి, నోరు తెరిచి ఏదో శబ్దం చేసి, సెట్టు చూపించాడు.

దీన్ని బాగుచెయ్యి, అన్నట్టు.

ఈల ఆ చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు బావా. సెట్టు బాగానే ఉంది. వదిలెయ్. సెట్టు బాగానే ఉంది."

ఎక్కడం ఒక మనిషి పని. ఎక్కినవాణ్ణి ఎత్తుకుని దించడం ఒక ఊరి పని. అగ్నిమాపకం వాళ్లు తాళ్లూ స్ట్రెచరూ తెచ్చి, ఆ సన్నటి ఇనుప గూటిలోంచి గద్దని అంగుళం అంగుళం దించారు. అంతసేపూ ఈల పక్కనే మెట్టు మెట్టూ దిగుతూ మాట్లాడుతూనే ఉన్నాడు. ఏం మాట్లాడాడో అతనికే తెలియదు. నిదానం, నిదానం అన్నది మాత్రం మిగతావాళ్లు విన్నారు.

ఆసుపత్రికి అక్క అప్పటికే వచ్చేసింది. చెప్పులు జత కుదరలేదు. ఒకటి తనది, ఒకటి గద్దది. సైటు మేనేజరు చెమటలు తుడుచుకుంటూ నిలబడ్డాడు. స్కాను తీసి వచ్చిన డాక్టరమ్మ ముగ్గురివైపూ చూసింది.

"మెదడులో రక్తనాళానికి గడ్డ అడ్డం పడింది. గడ్డ కరిగించే ఇంజెక్షను ఉంది. కానీ మొదలైన కొద్ది గంటల్లోపే ఇవ్వాలి. ఎప్పుడు మొదలైంది?"

"మధ్యాహ్నమండీ," అన్నాడు మేనేజరు. "లోడు ఆగిపోయినప్పుడు. మేమంతా చూశాం."

అది అబద్ధం కాదు. ఆయన చూసింది అదే.

"మధ్యాహ్నమైతే సమయం ఉంది," అంది డాక్టరమ్మ. "కానీ ఖచ్చితంగా తెలియాలి. చివరిసారిగా ఆయన మామూలుగా మాట్లాడింది ఎవరితో?"

అందరి కళ్లూ ఈల మీదకి తిరిగాయి.

"చెప్పరా," అంది అక్క. "మధ్యాహ్నమేగా?"

ఒక్క మాట చాలు. ఔనంటే ఆ ఇంజెక్షను ఎక్కుతుంది. బావ లేచి కూర్చోవచ్చు. మళ్లీ తిట్టవచ్చు, నవ్వవచ్చు. పొద్దుటి సంగతి తెలిసినవాడు అక్కడ ఒక్కడే ఉన్నాడు. వాడు నోరు మూసుకుంటే సరిపోతుంది. ఈల డాక్టరమ్మవైపు తిరిగాడు.

"ఒకవేళ అంతకంటే ముందే మొదలైతే ఏమవుతుందండీ?"

డాక్టరమ్మ అతన్ని పరీక్షగా చూసింది. "ఆలస్యమైతే ఆ మెదడు భాగం చచ్చుబడిపోయి ఉంటుంది. అప్పుడిస్తే లోపల రక్తస్రావం కావచ్చు. దానికి తోడు ఆయన బీపీ మీటరు దాటిపోయేలా ఉంది. ప్రాణానికే ముప్పు."

"బీపీనా?" అంది అక్క. "ఆయనకి బీపీ లేదండీ. మూణ్ణెల్లకోసారి చూస్తారు. కార్డుంది."

ఈల కళ్లు మూసుకున్నాడు.

"పొద్దున్నండీ. గాలి లేవకముందే. మాట ముద్దయింది. మళ్లీ రాలేదు. నేను... బ్యాటరీ అనుకున్నాను."

డాక్టరమ్మ గడియారంవైపు చూసింది. చూసినంత సేపట్లోనే ఆమె మొహంలో తొందర పోయింది. అది పోవడం అక్క కూడా గమనించింది.

"నరంలోంచి తీగ పంపి ఆ గడ్డని లాగలేరా?" అన్నాడు మేనేజరు.

"పెద్ద నాళమైతే ప్రయత్నిస్తాం. ఇది లోపలి సన్న కొమ్మ. అందదు." ఆమె కాస్త ఆగి అడిగింది. "ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా కాసేపు వచ్చి పోయిందా? మాట తడబడటం, చెయ్యి తిమ్మిరెక్కడం?"

"లేదండీ," అంది అక్క.

"వచ్చింది," అన్నాడు ఈల.

అక్క తల తిప్పింది.

"వారం కూడా కాలేదండీ. కాసేపే. తరవాత బాగైపోయింది."

"బాగవలేదు. హెచ్చరించి వెళ్లింది," అంది డాక్టరమ్మ. ఆ గొంతులో నింద లేదు. రోజూ ఇదే మాట ఎవరికో ఒకరికి చెప్పే అలసట ఉంది. "అలా వచ్చి పోయినప్పుడే పరిగెత్తుకుంటూ రావాలి. అప్పుడు మా చేతుల్లో చాలా ఉంటుంది."

ఆమె లోపలికి వెళ్లిపోయింది. మేనేజరు ఫోను పట్టుకుని పక్కకి జరిగాడు. వరండాలో అక్కా తమ్ముడూ మిగిలారు.

"గ్లాసు," అంది అక్క. "ఆ రోజు నేను అడిగాను నిన్ను."

"అక్కా..."

"నా దగ్గర నవ్వి అబద్ధం చెప్పావు. అది నిజం చెప్పాల్సిన చోటు. ఇక్కడికొచ్చి హరిశ్చంద్రుడివయ్యావు. మొదలైన వేళని కాస్త ఇటు జరిపి చెప్తే నీ నాలుక ఊడిపోయేదా?"

"చచ్చిపోతాడన్నారు అక్కా."

"కావచ్చు అన్నారు. అవుతుందనలేదు." ఆమె గోడకి ఆనుకుని మెల్లగా కిందకి జారి కూర్చుంది. "ఎప్పుడు ఏది చెప్పాలో నీకు తెలియలేదు రా."

తను చెప్పింది సరైనదేనని ఈలకి తెలుసు. ఆ తరవాత డాక్టరమ్మ కూడా అదే అంది. అయినా ఏ ఒక్క రాత్రీ నిద్ర పట్టలేదు.

గద్ద బతికాడు.

కుడికాలు ఈడ్చుకుంటూ గోడ పట్టుకుని నాలుగడుగులు వేసేదాకా వచ్చాడు. కుడిచెయ్యి రాలేదు. మాట రాలేదు. అర్థం అన్నీ అవుతాయి. చెప్పాలనుకున్నది కళ్ల దాకా వస్తుంది, నోటి దగ్గర ఆగిపోతుంది. నోటికి వచ్చేది ఒకే ఒక్క బూతుమాట. అది మాత్రం ఎక్కడా తడబడకుండా గంట కొట్టినట్టు వస్తుంది. చూడటానికి వచ్చిన నర్సమ్మకి అదే చెప్పి కాఫీ తాగమన్నట్టు చూశాడు. అక్క సిగ్గుతో చచ్చిపోయి, వంటింట్లోకి వెళ్లి నవ్వి, నవ్వుతూనే ఏడ్చింది.

ఒకసారి వచ్చినదానికి రెండోసారి రావడం తేలికని ఆసుపత్రిలో చెప్పి పంపారు. అక్క ఆ మాట పట్టుకుని ఇల్లంతా మార్చేసింది. ఉప్పుడబ్బా అటకెక్కింది. అప్పడాలు, నిల్వ సరుకులు పక్కింటికి వెళ్లాయి. లైటరు చెత్తబుట్టలో పడింది. పొద్దున బీపీ మాత్ర, రక్తం పలచనయ్యేది, కొవ్వుది, షుగరుది, ఒకటి కూడా తప్పదు. సొంతంగా మీటరు కొని రోజూ పట్టీ చుట్టి చూసేది. "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను. అయినా పట్టుకోకపోతే ఒళ్లంతా కాలుతుంది కదా," అని పక్కింటావిడతో అంటుంటే ఈల విన్నాడు. అతనితో మాత్రం అనలేదు. అతనితో ఏమీ అనడంలేదు.

ఈల రోజూ పని కాగానే వచ్చేవాడు. అక్క తలుపు తీసేది, పక్కకి తప్పుకునేది. అతను బావని భుజానికి ఆనించుకుని వరండాలో అటూ ఇటూ నడిపించేవాడు. నడిపిస్తూ సైటు కబుర్లన్నీ చెప్పేవాడు. కొత్త ఆపరేటరు జోకులెయ్యడని, సెట్టులో అన్నీ ముక్తసరి మాటలేనని. రాడ్డు మేస్త్రీ ఇక ఎవరికీ మాత్ర ఇవ్వనని ఒట్టేశాడని. కానీ కుర్రాళ్లు మందుల షాపులో సొంతంగా కొనుక్కుంటున్నారని. అది చెప్తుంటే గద్ద నడక ఆపేసి నేల చూశాడు.

సైటులో నర్సమ్మ ఈలకి కూడా బీపీ చూసింది. ఎక్కువే ఉంది. సిగ్నల్‌మన్‌కి కార్డు పోయే బాధ లేదు. అయినా అతను మాత్రలు తెచ్చుకున్నాడు, నాలుగు రోజులు వేసుకున్నాడు, తరవాత ఎక్కడ పెట్టాడో చూసుకోలేదు. ఒంట్లో ఏ బాధా లేదు కదా.

ఒక ఆదివారం మధ్యాహ్నం. అక్క గద్ద చేతికి పట్టీ చుట్టి చూసి, విప్పింది. ఈల పక్క కుర్చీలో ఉన్నాడు. అన్ని నెలల్లో మొదటిసారి ఆమె అతనివైపు తిరిగి మాట్లాడింది.

"నర్సమ్మ కనపడింది. నీకూ ఉందట కదా. మాత్ర వేసుకుంటున్నావా?"

"వేసుకుంటున్నా అక్కా."

అనేశాక అతనికే వినపడింది, తను ఎలా అన్నాడో. తేలిగ్గా, నవ్వుతూ.

అక్క ఆ నవ్వుని చూసింది. లేచి వచ్చి, అతని చొక్కా చెయ్యి పైకి మడిచి, పట్టీ చుట్టింది. మీటరు గుర్రుగుర్రుమని గాలి ఎక్కించి, వదిలింది. అంకె చూసింది. అతనికి చూపించలేదు. గద్దకి చూపించింది.

గద్ద ఆ అంకె చూసి, బామ్మర్ది మొహంలోకి చూసి, తన ఒకే ఒక్క మాట అన్నాడు. గట్టిగా. ఆ మాటకి ఇంతకంటే తగిన చోటు ఎప్పుడూ దొరకలేదు.

"విన్నావుగా," అంది అక్క. "మీ బావ మాటే నా మాట."

ఆమె లోపలికి వెళ్లి గ్లాసుతో నీళ్లు, మాత్ర తెచ్చింది. మాత్ర అతని పేరు మీదే తెప్పించి పెట్టింది. "ఇక మీదట రోజూ పనికెళ్లే ముందు ఇక్కడికొచ్చి వేసుకో. నా కళ్లముందు."

"నేను వేసుకుంటాలే అక్కా, ఇంటి దగ్గర..."

"నీ మాట మీద నాకు నమ్మకం లేదు రా," అంది అక్క. కోపంగా అనలేదు. తలుపు గడియ పాడైందని చెప్పినట్టు అంది. "ఆ నమ్మకం మళ్లీ ఎప్పటికైనా వస్తుందో రాదో తెలియదు. మనిషివైనా మిగులు."

ఈల మాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగాడు.

"నోరు తెరువు."

"అక్కా, ఏంటిది, చిన్నపిల్లాడినా..."

"తెరువు."

యాభై దాటిన మనిషి నోరు తెరిచాడు. అక్క గడ్డం పట్టుకుని ఎత్తి, నాలుక కిందా, బుగ్గల పక్కనా చూసింది. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే అతను ఇంటి కప్పు వైపు చూశాడు.

గద్ద నవ్వాడు. సగం మొహంతో నవ్వే నవ్వు. గొంతులో గరగరమంటూ, భుజం కదులుతూ, చాలాసేపు నవ్వాడు. తరవాత ఆ నవ్వు ఆగిపోయింది. నుదురు ముడిపడింది. ఏదో చెప్పాలి. బూతు కాదు, ఇంకేదో. ఎడమచెయ్యి కుర్చీ అంచుని బిగించి పట్టుకుంది. పెదవులు దగ్గరికి వచ్చాయి, విడిపోయాయి, మళ్లీ దగ్గరికి వచ్చాయి.

ఆసుపత్రిలో మాట నేర్పే ఆవిడ ముందే చెప్పింది. తొందరపడి మీరు అందించకండి, ఎంతసేపైనా ఎదురుచూడండి అని.

అక్క గ్లాసుని చప్పుడు కాకుండా నేల మీద పెట్టింది. ఈల కుర్చీ అంచుకి జరిగి వంగాడు. కిటికీలోంచి పడుతున్న ఎండ గద్ద మోకాళ్ల మీద నుంచి గోడ మీదకి పాకింది. ఆ పెదవులు ఇంకా ప్రయత్నిస్తూనే ఉన్నాయి. అక్కా తమ్ముడూ కదల్లేదు.